ఏడు దగ్గర మచ్చ

పోయిన వారం మీరు పుస్తకం మూసేసి మీ పనుల్లోకి వెళ్ళేసరికి నేను ఉత్తరపు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. నా ఎదురుగా పెద్దాయన. ఆయన ఎడమచేతిలో నేను రంగులు వేసిన కంటి బిళ్ళ, కుడిచేతిలో మా ఇంటినుంచి వచ్చిన ఫొటో. రెండింటినీ కంటికి తగిలించుకున్న భూతద్దంలోంచి మార్చి మార్చి చూసి, చివరికి తలెత్తి ఒక మాట అడిగారు.

"ఇది ఎవరి కన్ను?"

మీకు వారం గడిచింది. నేను మాత్రం ఆ కిటికీ దగ్గరే నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాను.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నేను సైన్‌బోర్డులు రాసేదాన్ని. మా ఆయనది వెల్డింగు షాపు. రెండేళ్ళ కిందట గ్రైండింగు రాయి పగిలి, ముక్క ఒకటి ఎగిరి ఆయన ఎడమకంట్లో దిగింది. చూపు పోయింది. కన్ను తీసేద్దామని డాక్టర్లు అంటే ఆయన ససేమిరా అన్నారు. చూడకపోతే పోయింది, నాదే కదా, ఉండనివ్వండి అన్నారు. అది రానురాను చిక్కి లోపలికి పోయింది. దానిమీద తొడుక్కోమని ఆస్పత్రివాళ్ళు పల్చటి తొడుగొకటి ఇచ్చారు. ఊరందరికీ ఒకే రంగు, ఒకే చూపు. అది పెట్టుకుని ఆయన నాతో మాట్లాడుతుంటే పక్కింటి గోడతో మాట్లాడుతున్నట్టుండేది. రెండు రోజులు భరించి, దాన్ని సొరుగులో పడేసి నల్లకళ్ళద్దాలు తగిలించుకున్నారు. అప్పటినుంచి నిద్రపోయేటప్పుడు తప్ప తీయరు. అది చూసిన ఆస్పత్రి డాక్టరమ్మ, బోర్డుమీద ద్రాక్షపండు వేస్తే కోసుకు తినాలనిపించేలా వేస్తావు, కన్ను వేయలేవా అని, కాగితాలన్నీ తనే నడిపించి నన్ను ఈ దేశం పంపింది. కృత్రిమ కళ్ళకి రంగులు వేయడం నేర్చుకోవాలి, పదకొండు నెలల్లో తిరిగి వెళ్ళాలి. నేను చేయబోయే మొదటి కన్ను మా ఆయనదే అని అందరికీ తెలుసు. ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

పెద్దాయన నడిపే ఈ కళ్ళ షాపులో ఒక పద్ధతి ఉంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు వెళ్ళేముందు ఒక చివరి కన్ను వేయాలి. మనిషి ఎదురుగా ఉండకూడదు, ఫొటో చూడకూడదు. తమ ఇంటి మనిషి కన్ను ఒకటి జ్ఞాపకంలోంచి తీసి వేయాలి. ఆ మనిషి కన్ను ఇప్పుడెలా ఉందో ఇంటివాళ్ళు కొత్తగా ఫొటో తీసి నేరుగా పెద్దాయనకి పంపుతారు. ఆయన దాన్ని కవర్లో పెట్టి అంటించి, రంగు ఆరాక అందరిముందూ తెరుస్తారు. గుర్తులేనిదాన్ని చూడనట్టే లెక్క అని ఆయన వాదన. ఈ వాదనతో ఎంతమందిని ఏడిపించారో ఆ కిటికీని అడగాలి.

"మా ఆయనది," అన్నాను.

"కాదు," అన్నారు పెద్దాయన. కోపంగా అనలేదు. ఈరోజు బస్సు లేదు అన్నట్టు మామూలుగా అన్నారు.

"నీటి చుక్క వేసి చూశారా?"

రంగు ఆరాక పాలిపోయి కనిపిస్తుంది. పైన గాజులాంటి పొర పోశాక ఎలా ఉంటుందో తెలియాలంటే బిళ్ళమీద ఒక నీటి చుక్క వేసి చూడాలి. ఇది మొదటివారంలో నేర్పే పాఠం. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న మనిషికి దాన్ని గుర్తుచేస్తున్నానంటే నా బుర్ర ఎక్కడుందో మీరే ఊహించుకోండి. ఆయన చుక్క వేశారు. రంగు లేచింది. తడిసిన ఎర్రమట్టి రంగు, అందులో కనుపాప చుట్టూ సన్నటి పసుపు గీతలు, అంచున నల్లటి గీత. నాకు తెలిసిన కన్ను, మా ఆయనకి మిగిలిన కుడికన్ను. ఇరవై రెండేళ్ళుగా కోపంలోనూ నవ్వులోనూ నాకు ఎదురుగా ఉన్న కన్ను.

తర్వాత ఫొటో చూపించారు. మడ్డిదేరిన టీ రంగులో ఉంది. గీతల్లేవు. ఉన్నా, మురికినీళ్ళ అడుగున ఉన్నట్టు ఉన్నాయి. పసుపు ఛాయ ఎక్కడా లేదు.

"ఇదిగో ఈ మచ్చ చూడు," అన్నారు పెద్దాయన. "గడియారంలో ఏడు అంకె ఉండేచోట. ఇది సరిగ్గా పెట్టావు, వెంట్రుకవాసి తేడా లేదు. మిగిలిందంతా వేరేవాళ్ళది."

నాకు ఏమీ బోధపడలేదు. మేమిద్దరం కూడా ఏడు దగ్గర మచ్చ అనే పిలుచుకునే ఆ మచ్చ మా ఆయనది, కన్ను ఇంకెవరిదోనా? ఇద్దరు మనుషుల్ని కలిపి ఒక కన్ను చేశానా? బోర్డులు రాసే రోజుల్లో ఒకసారి మందుల షాపు బోర్డుమీద మిఠాయి కొట్టు పేరు రాసేశాను. దానికి ఆ షాపాయన ఊరంతా టాంటాం వేశాడు. ఇది దానికంటే ఘోరంగా ఉంది.

"కంగారుపడకు," అన్నారు. "పదకొండు నెలలు రోజూ ఇక్కడి కళ్ళు చూశావు. వాటిలో ఒకటి వచ్చి నీ తలలో కూర్చుంది. అది ఎవరిదో తెలుసుకో. లేకపోతే అక్కడికెళ్ళి వేసే ప్రతి కంట్లోకీ అదే వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ వేద్దువుగాని." బిళ్ళ నా చేతిలో పెట్టి రెండడుగులు వేసి ఆగారు. "ఇంకో సంగతి. సాయంత్రంలోగా ఆ మాట కూడా చెప్పేయాలి నువ్వు."

ఆ మాట ఏమిటో రెండు వారాల కిందటి భాగం చదివినవాళ్ళకి తెలుసు. ఇక్కడే ఇంకో రెండేళ్ళు ఉండి తనతో కలిసి పనిచేయమని పెద్దాయన అడిగారు. ఇంటికి ఈ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, సరేనని అనేద్దామని నాకే లోపల ఎక్కడో ఉంది.

నిజం చెప్పేస్తున్నాను, నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి.

నా పెట్టె వారంరోజులుగా గది మధ్యలో తెరిచి ఉంది. పొద్దున నాలుగు బట్టలు పెడతాను, సాయంత్రం వాటిలో రెండు తీసి తొడుక్కుంటాను. మూడో అంతస్తులో వాలు కప్పు గది. మంచంమీద గబుక్కున లేస్తే నెత్తికి బొప్పి. తలుపు వెనక నా కోటు, కిటికీలో నా కెటిల్, గోడమీద నేను అంటించుకున్న రంగుల కాగితాలు. వచ్చిన కొత్తలో దీన్ని రూము అనేదాన్ని. ఒకరోజు బస్సులో పక్కనున్నావిడ ఎక్కడికి అని అడిగితే, ఇంటికి అనేశాను. అని నాలిక కరుచుకున్నాను. తర్వాత్తర్వాత నాలిక కరుచుకోవడం మానేశాను గాని, ఆ మాట అనడం మానలేదు.

ఇక్కడ నన్నెవరూ ఫలానా వెల్డింగు షాపాయన భార్య అనరు. నా ముందు ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు, ఒక కంటితో. నేను అతని రెండో కంట్లోకి గంటలకొద్దీ చూస్తాను. బూడిదరంగు, ఆకుపచ్చ, పాతబడ్డ నీలం. నల్లగుడ్డు అనడమే గాని ఇక్కడ ఒక్కటీ నల్లగా ఉండదు. ఎర్ర పట్టుదారం పోచలు విడదీసి తెల్లగుడ్డుమీద నరాలు పరుస్తాను. వాళ్ళు అద్దంలో చూసుకుని నా చెయ్యి పట్టుకుంటారు. అలాంటి రోజున నడుచుకుంటూ గదికి వెళ్తుంటే నా అంతటి మనిషి లేదనిపిస్తుంది. మొన్న పడుకుని మా ఇంటి వంటగదిలో లైటు స్విచ్చు తలుపుకి ఏ పక్కన ఉంటుందా అని ఆలోచించాను. గుర్తురాలేదు. చేతికి తెలిసే సంగతి, తలకి ఎందుకు తెలియాలి అని సర్దిచెప్పుకున్నాను గాని, భయమేసింది.

అక్కడ మా ఆయన చూస్తేనేమో ఇలా. ఒకప్పుడు నన్ను ఆర్టిస్టు గారూ అని పిలిచి ఏడిపించేవారు. చీర రంగు దగ్గర్నుంచి చెప్పుల దాకా అన్నిటికీ వంకపెట్టేవారు. నాలుగు నెలలుగా ఆయన నోట్లో బాగుంది తప్ప ఇంకో మాట లేదు. ఫోనులో రాసి పంపడం మానేసి, గొంతు రికార్డు చేసి పంపుతున్నారు, అదీ రెండు ముక్కలు. నేను జుట్టు భుజాలదాకా కత్తిరించుకుని వీడియోలో కూర్చుంటే, అరగంట మాట్లాడి పెట్టేశారు. నా జుట్టు ఊసే లేదు. నడుందాకా ఉన్న జుట్టండీ. మరుసటి ఆదివారం మా ఆడపడుచు, "అన్నయ్యా, వదిన జుట్టు కత్తిరించుకుంది, ఎంత బాగుందో" అని గట్టిగా అంటే, అప్పుడు, "ఆ, బాగుంది" అన్నారు. నేను నెలరోజులు అలిగాను. అలిగినట్టు ఆయనకి తెలియనేలేదు.

ఈ ఆడపడుచొకతి. నేను వచ్చేసేటప్పుడు అన్నయ్యకి వంటావార్పూ చూడమని నేనే తెచ్చి పెట్టాను. వీడియోలో ఎప్పుడు చూసినా అన్నయ్య మోచెయ్యి పట్టుకుని కాపలా ఉన్నట్టు కూర్చుంటుంది. నేను వీధిలో చెట్టు చూపిస్తే, "అబ్బ, ఎంత పెద్ద చెట్టో వదినా, పూలన్నీ తెల్లగా" అని ముందు తనే అంటుంది. తర్వాత ఆయన, "పెద్ద చెట్టే, తెల్లపూలు" అంటారు. మా మధ్య మాట్లాడుకోవడానికి ఏమీ మిగల్చదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ నాకు తెలియనిదేదో దాచుకుని కూర్చున్నట్టుండేది. ఆడపడుచుని ఆ మాత్రం అనుమానించే హక్కు నాకుంది గనక అనుమానించాను.

అన్నిటికంటే ఆఖరిది, తిరుగు టికెట్టు తేదీ చెప్పినప్పుడు. ఎగిరి గంతేస్తారనుకోలేదు గాని, "తొందరేముంది, పని పూర్తిగా నేర్చుకునే రా" అన్నారు. భార్య పదకొండు నెలల తర్వాత వస్తానంటే, తొందరేముంది అనే మనిషి మనసులో ఏముంటుంది? మీరైతే ఏమనుకుంటారు? నేనూ అదే అనుకున్నాను. అప్పుడే పెద్దాయన ఆ రెండేళ్ళ మాట అడిగారు.

ఇప్పుడేమో నేనే ఆయన కన్ను మర్చిపోయానట. ఇంకెవరి కన్నో తలలో పెట్టుకుని తిరుగుతున్నానట. ఎవరు ఎవరికి దూరమయ్యారో తేల్చుకోలేక పనిబల్ల ముందు కూర్చుని, మధ్యాహ్నం దాకా ఒక్క పనీ చేయలేదు.

షాపులో గోధుమరంగు కళ్ళున్న మనిషి నేను కాక ఇంకొక్కరే ఉన్నారు, పాలిషాయన. మేం చేసిన కళ్ళకి చక్రంమీద మెరుగుపెట్టడం ఆయన పని. యాభై దాటాయి. వెనక మెట్లమీద రోజూ పక్కపక్కనే కూర్చుని అన్నం తింటాం. ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో, ఏ మాట ఎక్కడ అనకూడదో నాకు నేర్పింది ఆయనే. అంతకుమించి ఏమీ లేదు. నాకు తెలిసి ఏమీ లేదు. కాని ఈరోజు పొద్దున్నుంచి నాకు తెలిసినవాటి మీద నాకే నమ్మకం లేదు.

మెట్లమీద కూర్చోగానే, "వెలుతురు వైపు తిరగండి" అన్నాను.

"ఏం, నా కంట్లో ఏమైనా పడిందా?"

"కదలకండి. రెప్ప కొట్టకండి."

ఆయన బుద్ధిగా కళ్ళు విప్పార్చి కూర్చున్నారు. జేబులోంచి బిళ్ళ తీసి ఆయన చెంప పక్కన పెట్టి చూశాను. ఆయన కన్ను పచ్చటి గోధుమరంగు. గీతలు దళసరివి. ఏ మూలా పోలిక లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆ హమ్మయ్య ఎందుకొచ్చిందో తెలియక మళ్ళీ తికమకపడ్డాను.

"నాది కాదని తేలిందా?" అన్నారు పాలిషాయన, చెమ్చా మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. షాపంతా తెలిసిపోయిందన్నమాట. "మా ఆవిడకి చెప్తాను, నవ్వుకుంటుంది."

"నాకు నవ్వు రావట్లేదు."

"నాకో అనుమానం. నీ కన్ను తప్పంటున్నారు సరే. ఆ ఫొటో మాట ఏమిటి? ఏ గదిలో తీశారో, ఏ లైటు కింద తీశారో. ఇంకో ఫొటో లేదా ఆయన కన్నుది?"

ఉంది. నేను ఇక్కడికి వచ్చినరోజు ఆస్పత్రి కాగితాలు ఇచ్చాను. ఎందుకోసం నేర్చుకోవాలనుకుంటున్నారు అన్నచోట డాక్టరమ్మ మా ఆయన సంగతి రాసి, ఆయన మంచికన్ను ఫొటో ఒకటి ఆస్పత్రిలోనే తీయించి అంటించింది. ఆ కాగితాలు పెద్దాయన గదిలో బీరువాలో ఉన్నాయి. అన్నం డబ్బా అలాగే మెట్లమీద వదిలేసి లోపలికి పరిగెత్తాను.

పెద్దాయన గదిలో కూడా ఉత్తరపు కిటికీ ఉంది. నేను చెప్పింది విని, ఆయన విసుక్కోకుండా లేచి బీరువా తీసి నా కాగితాలు వెతికారు. ఆ ఫొటో జాగ్రత్తగా ఊడదీసి కిటికీ కింద బల్లమీద పెట్టారు. పక్కన నా బిళ్ళ, దాని పక్కన కొత్త ఫొటో. బిళ్ళమీద మళ్ళీ ఒక నీటి చుక్క వేశారు.

భూతద్దం అక్కర్లేకపోయింది. పాత ఫొటోలో తడిసిన ఎర్రమట్టి రంగు, సన్నటి పసుపు గీతలు, అంచున నల్లగీత, ఏడు దగ్గర మచ్చ. నా బిళ్ళ దానికి కవలపిల్ల.

"నువ్వు తప్పు వేయలేదు," అన్నారు పెద్దాయన.

నాకు సంతోషమేసింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మర్చిపోలేదు. స్విచ్చు ఏ పక్కనుందో మర్చిపోతే మర్చిపోయాను, ఆయన్ని మర్చిపోలేదు. పొద్దున్నుంచి నా తలమీద మోస్తున్న గంప ఎవరో దించినట్టయింది. మనిషిని ఇంత పదిలంగా మనసులో పెట్టుకున్నదాన్ని, ఆ రెండేళ్ళ మాటకి సరేనని ఎలా అనబోయాను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అయితే ఆ కొత్త ఫొటోయే తప్పన్నమాట," అన్నాను. "మా ఆడపడుచు తీసింది. తనకి ఫొటో తీయడం ఎక్కడ వచ్చు."

పెద్దాయన కొత్త ఫొటోని కిటికీకి ఇంకా దగ్గరగా జరిపి భూతద్దం పెట్టారు. చాలాసేపు అలాగే వంగి ఉన్నారు. లేచేసరికి ఆయన ముఖం పొద్దుటి ముఖం కాదు.

"ఫొటో కూడా తప్పు కాదు. మచ్చ అదే, మనిషి ఆయనే. కనుపాప చూడు."

చూశాను. గుండ్రంగా ఉండాల్సిన నలుపు ఒకపక్క లాగేసినట్టుంది. కాగితంమీద పడ్డ సిరాచుక్క అంచు పాకినట్టు.

"పొద్దున రెప్ప నీడ అనుకున్నాను," అన్నారు. "రంగు కలిసిందా లేదా అనే చూశాను. కంటికి ఏమైందని చూడలేదు. బొమ్మకళ్ళు చేసీచేసీ మాకు పట్టే జబ్బు ఇది, నిజం కన్నుని కూడా రంగులాగే చూస్తాం." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఆయనకి దెబ్బ తగిలిన కన్ను తీయించారా?"

"లేదు. ఆయన ఒప్పుకోలేదు. లోపలే ఉంది."

"నేను డాక్టర్ని కాను. అది గుర్తుపెట్టుకుని విను. దెబ్బతిన్న కన్ను అలా ఉండిపోతే, ఎక్కడో ఒకరికి మంచికన్ను కూడా లోపల వాస్తుంది. కొందరికి నెలల్లో, కొందరికి ఏళ్ళ తర్వాత. నా దగ్గరికి అలాంటివాళ్ళు ఇద్దరు వచ్చారు. ఒకావిడకి వెంటనే మందులు పడ్డాయి, ఇప్పటికీ కుట్టుపని చేసుకుంటోంది." రెండో మనిషి గురించి ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. "నీకొక సంగతి తెలియాలి. ఆయనకి కనబడుతోందా?"

"కనబడకపోతే నాకు చెప్పరా?" అన్నాను.

అనేశాక ఆ మాట నాకే వినబడింది. చెప్పరు. చచ్చినా చెప్పరు. నేను సగంలో వదిలేసి వచ్చేస్తానని చెప్పరు.

గొంతు రికార్డు చేసి పంపడం. జుట్టు ఊసెత్తకపోవడం. ఎంత పెద్ద చెట్టో వదినా, పూలన్నీ తెల్లగా. మోచెయ్యి వదలని ఆడపడుచు. తొందరేముంది, పని పూర్తిగా నేర్చుకునే రా. నాలుగు నెలలుగా నేను కూర్చి పెట్టుకున్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే లేచి ఇటు తిరిగి నిలబడ్డాయి. నెలరోజులు అలిగాను నేను, ఆయన చూడలేని జుట్టు గురించి. నామీద నాకు అసహ్యం వేసింది. అయినా ఒక మనసు, కాదేమో, ఊరికే కంగారుపడుతున్నానేమో అంటూనే ఉంది. ఆ మనసునే పట్టుకుని ఫోను తీశాను.

పెద్దాయన లేచి వెళ్ళబోయారు. ఉండమన్నాను. ఒంటరిగా ఆ ఫోను చేసే ధైర్యం నాకు లేదు.

అక్కడ సాయంత్రం ఐదు. చాలాసేపు మోగింది. పెట్టేద్దామనుకుంటుండగా తెర వెలిగింది. ముందు సీలింగు ఫ్యాను కనిపించింది, తర్వాత ఆయన నుదురు, నల్లకళ్ళద్దాల్లో ఒక ముక్క. మాట్లాడేది ఆదివారాలే గనక ఎప్పుడూ ఫోను సరిగ్గా నిలబెట్టి ఉంటుంది. నిలబెట్టేది ఎవరో ఈరోజు తెలిసింది.

"ఎవరూ?" అన్నారు.

తెరమీద నా ముఖం ఉంది. ఎవరూ అన్నారు.

"నేనేనండీ," అన్నాను.

"ఓహో, ఆర్టిస్టు గారా. ఏంటి, ఆదివారం కాదుగా ఈవేళ?" ఎన్నాళ్ళకో ఆ పిలుపు. ఇంకో రోజైతే మురిసిపోయేదాన్ని.

"ఏం లేదు, ఊరికే. మీ చెల్లెలేదీ?"

"మేడమీద బట్టలు తీస్తోంది. వచ్చేస్తుంది. పిలవనా?" ఆ మాటలో చిన్న కంగారు ఉంది. తను వచ్చేదాకా ఈ మాటలు ఎలా నడపాలా అన్న కంగారు.

"వద్దు. మీకే చూపించాలని చేశాను." నా బిళ్ళ బల్లమీద, రెండు ఫొటోల మధ్య ఉంది. దాన్ని తీయడానికే చెయ్యి చాపాను. తీయలేకపోయాను. చాపిన చెయ్యి వెనక్కి వచ్చేసింది, ఖాళీగా. ఆ ఖాళీ అరచేతినే విప్పి, ఫోను ముందు పెట్టాను. ఇలా చేయాలని ముందుగా అనుకోలేదు. చేస్తున్నప్పుడు మాత్రం, ఏమిటే ఖాళీ చెయ్యి చూపిస్తున్నావు, మతి పోయిందా అని ఆయన నన్ను తిట్టాలని, జన్మలో ఎప్పుడూ కోరుకోనంత గట్టిగా కోరుకున్నాను.

"మీ కన్ను పూర్తయింది," అన్నాను. "చూడండి. ఎలా ఉందో చెప్పండి."

ఆయన ఫోను కాస్త పైకెత్తారు. ముఖం మొత్తం కనిపించింది. గడ్డం ఒకపక్క సరిగ్గా గీసుకోలేదు, చెవి కింద తెల్లవెంట్రుకలు అలాగే ఉన్నాయి. కళ్ళద్దాలు నా చేతివైపు కాకుండా, కొంచెం పక్కకి, నా భుజం అవతల ఎక్కడో ఆగాయి. మెల్లిగా ఆ ముఖంలోకి నవ్వొచ్చింది. నన్ను సంతోషపెట్టాలని ఆయన అంత తాపత్రయపడటం నేనెప్పుడూ చూడలేదు.

"బాగుందే," అన్నారు. "బాగుందంటే మామూలుగా కాదు. అచ్చం నా కన్నే. ఆ మచ్చ కూడా పెట్టావు, ఏడు దగ్గర. ఎలా గుర్తుపెట్టుకున్నావే?"

నా వెనక పెద్దాయనకి మా భాష రాదు. ఆయన చూస్తున్నది నా చేతినే. ఆయన చెయ్యి వచ్చి నా కుర్చీ వీపుమీద పడింది.

నేను చెయ్యి దించలేదు. దించితే నిజమైపోతుందని భయం. అవతల మెట్లమీద చెప్పుల చప్పుడు, బట్టలు మంచంమీద పడిన చప్పుడు. మా ఆడపడుచు తెరలోకి వచ్చింది. నన్ను చూసింది, నా అరచేతిని చూసింది. నాలుగు నెలలుగా నేను కాపలా అనుకున్న ఆ చెయ్యి ఎప్పట్లాగే వెళ్ళి అన్నయ్య మోచెయ్యి పట్టుకుంది.

"అన్నయ్యా," అంది నెమ్మదిగా. "వదిన చేతిలో ఏమీ లేదు."